అని, అంటే, అట

పాలమూరు పల్లెల్లో ఎవరైనా ‘ఆయన పట్నం వోయిండు’ అంటే ఒక లెక్క, ‘ఆయన పట్నం వోయిండట’ అంటే ఇంకో లెక్క. మొదటి మాట అన్నవాడు ఆ మనిషి బస్సెక్కుతుంటే చూసి ఉంటాడు. రెండో మాట అన్నవాడు చూడలేదు, ఎవరో చెబితే విన్నాడు. తేడా అంతా చివరి ‘ట’లోనే ఉంది. ఈ సంగతి నా కళ్లతో చూసింది కాదు, ఇంకొకరి నోట విన్నది అని ఒప్పుకోవడానికి తెలుగువాడికి ఒక్క అక్షరం చాలు.

ఈ ‘ట’ మనల్ని కూడా వదలదు. ‘రాత్రి నిద్దట్లో ఏదో మాట్లాడానట’ అంటాం. మాట్లాడింది మనమే, కానీ ఆ సంగతి తెలిసింది పొద్దున్నే ఇంట్లోవాళ్లు చెబితే. కాబట్టి మన నోటి నుంచి వచ్చిన మాటకైనా సాక్షి మనం కాదని వ్యాకరణం గుర్తుచేస్తుంది. తెలుసుకున్నదానికీ చూసినదానికీ మధ్య గీత గీసే పని మనకు పండితులు నేర్పలేదు, నాయనమ్మలు నేర్పారు.

ఒకరి రాత చదివి, దాన్ని సొంతమాటల్లో చెప్పడం, అవసరమైతే కుదించి చెప్పడం, అదీ దొంగతనం కాకుండా చెప్పడం ఎలా? బడిపిల్లల నుంచి పీహెచ్‌డీ విద్యార్థుల దాకా అందరి ముందూ ఇవాళ ఈ ప్రశ్న ఉంది. జవాబు కోసం ఇంగ్లీషులో ఉన్న రచనా పాఠాలు తిరగేస్తున్నాం. తిరగేయడం తప్పు కాదు. కానీ ‘అను’ అనే ఒక్క తెలుగు క్రియ నుంచి పుట్టిన మూడు మాటలు ఈ పనిని ఏనాడో పంచుకున్నాయి. అవే అని, అంటే, అట.

‘అని’ కంచె లాంటిది. ‘రేపు వస్తా’ అని చెప్పాడు. కంచెకు ఇవతల ఉన్నవి నా మాటలు, అవతల ఉన్నవి అతనివి. తాటాకుల మీద రాసే రోజుల్లో కొటేషన్ గుర్తులు లేవు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో చెప్పే బాధ్యతంతా ఈ చిన్న మాటే మోసింది. సంస్కృతంలో ‘ఇతి’ చేసే పని ఇదే, కన్నడంలో ‘ఎందు’, తమిళంలో ‘ఎన్ఱు’ చేసే పనీ ఇదే. మన ‘అని’ ఇంకో పని కూడా చేస్తుంది. ‘తాను రేపు వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు అతని మాటలు యథాతథంగా లేవు, ‘నేను’ కాస్తా ‘తాను’ అయింది. పదో తరగతి పిల్లలు ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చమంటే మార్చేది ఇదే. వాళ్లు దాన్ని వ్యాకరణం బిట్టు అనుకుంటారు. నిజానికి ఇంకొకరి మాటను తన వాక్యంలోకి తెచ్చుకోవడంలో అది మొదటి పాఠం.

‘అంటే’ రెండోది. రూపాన్ని బట్టి చూస్తే అది ‘అన్నట్లయితే’. వాళ్లలా అంటే దానికి అర్థమేమిటి అనే ప్రశ్న దాని లోపలే ఉంది. ఊళ్లలో పురాణ కాలక్షేపం జరిగేటప్పుడు ఒకరు పద్యం చదివేవారు, పక్కన కూర్చున్నాయన ‘అంటే...’ అని అందుకునేవాడు. అందుకున్నాయన పద్యంలోని మాటల్నే తిరిగి అప్పజెబితే వినేవాళ్లు ఊరుకోరు. ఆ భావాన్ని తమ ఊరి మాటలోకి దించాలి, కథ మాత్రం మారకూడదు. ప్రతిపదార్థం, తాత్పర్యం అని మన బడిపుస్తకాలు వేరువేరుగా అడిగే రెండింటి నడుమ దాటాల్సిన కాలువ ఈ ‘అంటే’. ప్రతిపదార్థంలో మాటకు మాట పెడతాం. తాత్పర్యంలో మాటల్ని పక్కన పెట్టి, వాటి వెనకున్నదాన్ని చెబుతాం.

‘అట’ మూడోది. పాత రాతల్లో అరసున్నతో ‘అఁట’ అని కనిపిస్తుంది. వాడుకలోని ‘అంట’లో ఆ సున్న ఇప్పటికీ నిండుగా పలుకుతుంది. నారాయణపేట దాటి కన్నడ పల్లెల్లోకి వెళితే ‘బందనంతె’ అంటారు, వచ్చాడట అని. తమిళుడు అదే పనికి చివర ‘ఆమ్’ చేర్చి ‘వందానామ్’ అంటాడు. సంస్కృతంలో ‘కిల’ ఉంది. పోతన భాగవతం తొలి పద్యాల్లో ఒకటి తెలుగువాళ్లలో చాలామందికి నోటికి వచ్చు. తాను చెప్పబోయేది ఏమిటో, చెప్పించేది ఎవరో, చెబితే కలిగే ఫలమేమిటో కవి అందులో చెబుతాడు. ఆ మూడు చోట్లా క్రియకో నామానికో తోకగా ఉన్నది ‘అట’. ఇదంతా నా గొప్ప కాదు అనడానికి అంత పెద్ద కవికీ అంతకంటే మంచి సాధనం దొరకలేదు.

ఇక కుదించి చెప్పడం. పొడుగాటి ఉత్తరమో సర్కారు నోటీసో ఒకరు చదువుతుంటే, వినేవాడు ఓపిక పట్టలేక ‘ఇంతకీ ఏమంటడు?’ అని అడుగుతాడు. చదివేవాడు కాగితం దించి ‘ఏమంటడంటే...’ అని మొదలుపెడతాడు. ‘అను’ ఇక్కడ రెండుసార్లు వచ్చింది. ‘అంటడు’లో చెప్పిన మనిషి ఉన్నాడు, ‘అంటే’లో అర్థం ఉంది. సారాంశానికి కావలసినవి ఆ రెండే. దీన్నే పుస్తకాల భాషలో సంగ్రహించడం అంటాం. ఆ మాటకు పోగుచేయడం, కుదించడం అనే అర్థాలతో పాటు ఎత్తుకుపోవడం అనే అర్థమూ ఉంది. దొంగలు నగలు సంగ్రహించుకుపోయారని రాసిన రోజులున్నాయి. కుదించడానికీ కాజేయడానికీ ఒకే క్రియ ఉండటం ఎంత సౌకర్యమో, అంత ప్రమాదం. ‘కాపీ కొట్టడం’లోని ‘కొట్టు’ కూడా ఈ బాపతే. జేబు కొట్టినవాడూ కాపీ కొట్టినవాడూ మన నోటికి ఒకే క్రియతో దొరికిపోతారు.

మాటల సంగతి అలా ఉంచి, చేతిపని చూద్దాం. పిల్లలమర్రి మీద ఒక పేరా ఉందనుకోండి:

“మహబూబ్‌నగర్ శివార్లలోని పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లుంటాయని చెబుతారు. ఊడలు దిగి, దిగిన ఊడలే మానులై, అసలు మాను ఏదో చటుక్కున గుర్తుపట్టలేనంతగా చెట్టు మూడెకరాల దాకా పరుచుకుంది. చెదలు తొలిచి కొమ్మలు విరుగుతుండటంతో 2018లో సెలైన్ సీసాల్లో మందు పోసి, చెట్టంతా వేలాడదీసి, బొట్టుబొట్టుగా మానులోకి ఎక్కించారు.”

దీన్ని సొంతమాటల్లో రాయమంటే తెలివైన విద్యార్థి రాసేది తరచు ఇలా ఉంటుంది:

“పాలమూరు పొలిమేరల్లోని పిల్లలమర్రి వయసు ఏడు శతాబ్దాలు. ఊడలు దిగి, ఆ ఊడలే కాండాలై, మూలకాండం ఏదో వెంటనే పోల్చుకోలేనంతగా వృక్షం మూడెకరాల వరకు విస్తరించింది. చెదపురుగులు తినేసి శాఖలు విరుగుతుండటంతో 2018లో సెలైన్ బాటిళ్లలో ఔషధం నింపి, వృక్షమంతటా వేలాడగట్టి, చుక్కచుక్కగా కాండంలోకి పంపారు.”

శివారు పొలిమేర అయింది, మాను కాండం అయింది, చెట్టు వృక్షం, కొమ్మ శాఖ, మందు ఔషధం, బొట్టు చుక్క అయ్యాయి. వాక్యాల వరస, క్రియల వరస, ‘అంతగా’, ‘ఉండటంతో’ అనే మలుపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెలుగులో ఈ ఎర మరీ బలమైంది. ప్రతి తెలుగు మాటకూ పక్కనే ఒక సంస్కృత మాట సిద్ధంగా ఉంటుంది, పర్యాయపదాలు రాయమని పరీక్షలోనూ అడుగుతాం. బడిలో మార్కులు తెచ్చే విద్యే ఇక్కడ ముసుగుగా పనికొస్తుంది.

అంతకంటే పెద్ద నష్టం మొదటి వాక్యంలోనే జరిగింది. మూలంలో ‘ఉంటాయని చెబుతారు’ అని ఉంది. చెట్టు వయసు జనం చెప్పుకునే మాటే అని రాసినవాడు జాగ్రత్తగా ఒప్పుకున్నాడు. విద్యార్థి రాతలో అది ‘వయసు ఏడు శతాబ్దాలు’ అయింది. విన్న సంగతి కొలిచిన సంగతి అయిపోయింది. మాటలు మార్చడంలో మునిగినవాడికి ‘అట’ జారిపోయిన సంగతి తెలియదు. ఒకరి రాతను తిరగరాసేటప్పుడు ముందు కాపాడుకోవాల్సింది విషయానికి ఉన్న ఈ గట్టిదనపు పాళ్లే: ఇది చూసిందా, విన్నదా, అనుమానమా, ఖాయమా.

ఇప్పుడు పేరా మూసేసి, కాసేపు ఆగి, ‘ఇంతకీ ఏమంటాడు?’ అని తనను తాను ప్రశ్నించుకుని రాస్తే ఇలా వస్తుంది:

“2018లో పిల్లలమర్రికి మనిషికి ఎక్కించినట్టే సెలైన్ ఎక్కించిన వైనాన్ని రచయిత చెబుతాడు. చెద పట్టి చెట్టు కూలిపోయే స్థితి వచ్చింది గనుక ఆ వైద్యం అవసరమైంది. ఏడు వందల ఏళ్లదని పేరున్న ఈ మర్రి ఊడల మీదే విస్తరిస్తూ మూడెకరాలు కమ్మింది, మొదటి మాను కోసం వెతుక్కోవాల్సిందే.”

ఇక్కడ వరస తిరగబడింది. మూలంలో చివరనున్నది ముందుకొచ్చింది, కారణం దాని వెనక నిలిచింది. ఊడ, చెద, సెలైన్ మారలేదు, మారనక్కర్లేదు. వస్తువు పేర్లు ఎవరి సొత్తూ కావు. ‘రచయిత చెబుతాడు’ అన్న రెండు మాటలతో చిరునామా నిలిచింది. ‘పేరున్న’ అన్న మాట వినికిడిని వినికిడిగానే ఉంచింది. ఒక తప్పు మాత్రం ఇందులోనూ దాక్కుని ఉంది. ‘కూలిపోయే స్థితి’ మూలంలో లేదు. అక్కడున్నది కొమ్మలు విరగడమే. కాజేయడం ఒక తప్పయితే, అననిది అన్నట్టు రాయడం దానికి కవల. అందుకే సొంతమాటల్లో రాశాక మళ్లీ మూలం తెరిచి పోల్చుకోవాలి. సారాంశమే కావాలంటే ఒక్క వాక్యం చాలు: “చెద పట్టిన పిల్లలమర్రికి 2018లో సెలైన్ పద్ధతిలో మందు ఎక్కించారని ఆ రచయిత రాశాడు.” వయసు, వైశాల్యం పోయాయి. ఏది వదిలేయాలో తెలిసినవాడికే సారాంశం వస్తుంది.

పై రెండో పేరాను, ఆ ముసుగు పేరాను, పోలికలు పట్టే యంత్రానికి ఇస్తే ఏమవుతుంది? యూజీసీ 2018లో విద్యాసంస్థల కోసం గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఒక స్థాయి, 60 దాకా మరొకటి. 60 దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దు. 2008లో ఏర్పడిన మన పాలమూరు విశ్వవిద్యాలయం లాంటి కొత్త సంస్థల్లోనూ పరిశోధన చేసేవారికి ఈ అంకెలు కంఠస్థం. అందరికీ తెలిసిన సంగతులు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరసగా 14 పదాల దాకా ఉంటే లెక్కలోకి తీసుకోవద్దని కూడా ఆ నిబంధనల్లో ఉంది.

పద్నాలుగు అన్నది ఇంగ్లీషు కొలత. ‘నువ్వు చెప్పకపోతే నేను రాలేను’ అన్న మన నాలుగు మాటల వాక్యం ఇంగ్లీషులోకి వెళితే పది దాటవచ్చు. లేదు, పోవడం, అయితే లాంటి అర్థాల్ని మనం క్రియ కడుపులోనే పెడతాం, వాళ్లు విడివిడిగా పేరుస్తారు. కాబట్టి తెలుగులో పద్నాలుగు మాటలంటే దాదాపు ఒక నిండు వాక్యం, ఒక్కోసారి రెండు. పై ముసుగు పేరాలో మూలంతో వరసగా కలిసిన మాటలు మహా అయితే మూడు, అంతకు మించవు. వరస మాటల్ని మాత్రమే లెక్కపెట్టే కంటికి అది పరిశుద్ధం. చదివే కంటికి పట్టపగటి దొంగతనం. అంకె తప్పించుకున్నంత మాత్రాన పని సొంతమైపోదు.

ఈ చిక్కును వెయ్యేళ్ల క్రితమే ఆలోచించిన వాళ్లున్నారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివర ఒక కవి రాతకు ఇంకో కవి రాత పోలడంలో మూడు రకాలు చూపించాడు: అద్దంలో ప్రతిబింబంలా, చిత్తరువులా, ఒకే పోలిక ఉన్న ఇద్దరు మనుషుల్లా. మొదటి రెండూ కవి విడిచిపెట్టాల్సినవి, మూడోది తప్పు కాదు. ఇద్దరు మనుషుల ముఖాలు పోలినా ప్రాణాలు రెండు. తర్వాత వచ్చిన రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణాన్ని, అంటే ఎత్తుకోవడాన్ని, అధ్యాయాలకు అధ్యాయాలు వర్గీకరించాడు. మాటల్ని ఎత్తుకోవడం వేరు, అర్థాన్ని ఎత్తుకోవడం వేరు అన్నాడు. దొంగ కాని కవి లేడు, దొంగ కాని వర్తకుడూ లేడని, దాచుకోవడం తెలిసినవాడే నిందపడకుండా నెగ్గుకొస్తాడని కొంటెగా తేల్చాడు.

ఆ శాస్త్రం మన విద్యార్థికి తలకిందులుగా పనిచేస్తుంది. అర్థమంతా పాతదే, మాటల కూర్పే వేరైతే కవికి అది ప్రతిబింబం, నింద. కానీ విద్యార్థికి మనం అప్పగించే పనే అది: అర్థం మార్చకు, మాటలు మార్చు. కవికి దొంగతనమైనది విద్యార్థికి విద్య ఎలా అయింది? ఒక్క కారణం వల్లే. విద్యార్థి ‘ఇది ఫలానా వారిది’ అని చెబుతాడు. చెప్పకపోతే అతను రాజశేఖరుడు మెచ్చిన దాచే దొంగల జాబితాలోకి వెళతాడు. మండలాఫీసులో పహాణీ నకలు తీసుకుంటాం. ‘నకలు’ అని ముద్ర వేసి ఇచ్చిన ఆ కాగితానికి బ్యాంకులోనూ కోర్టులోనూ విలువ ఉంది. అదే కాగితం అసలునని నటిస్తే ‘నకిలీ’ అవుతుంది. రెండు మాటలూ ఒకే అరబ్బీ కుదురు నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చాయి. చూసి రాయడం రెంటికీ సమానమే, ఒప్పుకోవడం దగ్గర దారులు చీలిపోయాయి.

ఒకరి మాటను ఇంకొకరు తిరిగి చెప్పడానికి పాలమూరు నేల మీదే రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. మొదటిది వర్ధమానపురం. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నందివడ్డెమాన్. కాకతీయుల కాలంలో అక్కడ ఏలిన గోన వంశంలోని బుద్ధారెడ్డి పదమూడో శతాబ్దంలో ద్విపదలో రామాయణం చెప్పాడు. తన పేరు కాక తండ్రి విఠ్ఠలనాథుడి పేరిట చెప్పాడు. దానికున్న రంగనాథ రామాయణం అన్న పేరును బట్టి, దాన్ని రాసింది రంగనాథుడనే వేరే కవి అన్న వాదన కూడా పండితుల్లో చాలాకాలం నడిచింది. కథ వాల్మీకిది, నడక తెలుగుది. సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత, ఇంద్రజిత్తు భార్య సులోచన కథ వాల్మీకంలో లేవు, ఇందులో ఉన్నాయి. ఆ ఉడుత ఇప్పుడు తెలుగువాళ్లలో ఎందరికో వాల్మీకి ఉడుతే. కవికి ఆ స్వేచ్ఛ ఉంది, దాని వల్లే ఆ కావ్యం బతికింది. సారాంశం రాసేవాడికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. అతను తెచ్చిన ఉడుతను మూలకర్త ఖాతాలో వేయకూడదు.

రెండోది గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు. అక్కడి సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పద్యాల్ని, వాళ్ల వివరాలతో సహా అచ్చువేశాడు. తానే ఒక ఆవేశపు వ్యాసం రాసి ఊరుకోవచ్చు. అలా చేయకుండా ఎవరి గొంతు వాళ్లకే ఇచ్చాడు. అది ‘అని’ చేసే పని. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర దీనికి అవతలి వైపు. రాజుల యుద్ధాలు వదిలి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని వెతికితే ఆయనకు శాసనాల కంటే కావ్యాలు ఎక్కువ సాయం చేశాయి. పాల్కురికి సోమనాథుడి శైవ కావ్యాలు, క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి లాంటి పుస్తకాల్ని ఆయన కథ కోసం చదవలేదు. పద్యంలో మూలనున్న చెప్పుల జతనూ, సంతలోని బేరాన్నీ పట్టుకున్నాడు. పద్యాన్ని వచనంలోకి దించుతాడు, అది ‘అంటే’. ఏ కవి ఎక్కడ అన్నాడో చెబుతాడు, అది ‘అట’. ఆ పైన తన అనుమానమేదో తన ఖాతాలోనే రాసుకుంటాడు. ఒక్క వాక్యం కూడా కాజేయకుండా, ఎందరో రాసినదాని మీద ఆధారపడి, అచ్చంగా తనదైన పుస్తకం రాశాడు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది.

ఆయన నుంచి నేర్చుకోవాల్సిన సూక్ష్మం ఇంకొకటుంది. వట్టి ‘అట’ సరిపోదు. నాది కాదని అది ఒప్పుకుంటుంది, ఎవరిదో మాత్రం చెప్పదు. పుకార్లు బతికేది ఆ సందులోనే. పత్రికల భాషలోని ‘సమాచారం’, ‘తెలిసింది’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అన్నీ సూటూబూటూ వేసుకున్న ‘అట’లే. దానికి వెక్కిరింపు గుణం కూడా ఉంది. ‘పెద్ద పండితుడట!’ అంటే పండితుడు కాదనే. కాబట్టి వ్యాసం రాసే పిల్లవాడు ప్రతి వాక్యానికీ ‘ట’ తగిలిస్తే మూలకర్తను ఎగతాళి చేసినట్టుంటుంది. రాతలో ‘ట’కు ఒక పేరు తోడు కావాలి: ఫలానా ఆయన ఫలానా పుస్తకంలో ఇలా అంటాడు. వ్యవహారంలోని అక్షరం రాతలోకి వచ్చేసరికి పేరూ ఊరూ ఉన్న వాక్యం కావడమే పాండిత్యం.

మన బడుల్లో అవగాహన–ప్రతిస్పందన పేరుతో పేరా ఇచ్చి ప్రశ్నలడుగుతున్నాం, ప్రాజెక్టు పనులు ఇస్తున్నాం, చదివిన పుస్తకం మీద నివేదిక రాయమంటున్నాం. మంచి మార్పే. అయితే ‘సొంతమాటల్లో రాయండి’ అన్న ఆదేశం పిల్లవాడికి సగమే చెబుతుంది. మాటలు నీవి కావాలంటుంది, సంగతి ఎవరిదో చెప్పమనదు. అందుకే గైడులోని వృక్షాన్ని చెట్టు చేసి, చెట్టును వృక్షం చేసి, పని అయిపోయిందనుకుంటాడు. ఆ ఆదేశాన్ని కొంచెం మార్చి ‘రచయిత ఏమంటున్నాడో నీ మాటల్లో చెప్పు, ఎక్కడ అన్నాడో రాయి’ అనాలి. రెండో సగానికి ఒక్క మార్కు పెడితే చాలు. పదో తరగతి పిల్లలు ఒక్క మార్కును ఎన్నడూ వదులుకోరు.